పేరు రాయని ఫోటోలు

ఒకే ఫోటో నాకు వాట్సాప్‌లో మూడు పేర్లతో వచ్చింది. ఎముకల గూళ్ళలా మిగిలిన మనుషులు కొందరు కూర్చుని, కొందరు నిలబడి కెమెరా వైపు చూస్తూ ఉంటారు. పంపినవాళ్ళలో ఒకాయన దాన్ని 1943 నాటి బెంగాల్ కరువు అన్నాడు. ఇంకొకరు గుంటూరు డొక్కల కరువు అన్నారు. మూడో ఆయన ఏ కరువో చెప్పే శ్రమ పెట్టుకోకుండా, మన పూర్వీకుల గతి చూడండి అని మాత్రం రాశాడు. గుంటూరు కరువు 1832-33లో వచ్చింది. డాగేర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని పారిస్‌లో ప్రకటించింది 1839లో. కాబట్టి ఆ మాట ఎలాగూ కుదరదు. ఆ ఫోటో తీసినవాడు విలోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి. అది 1876-78 నాటి కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలయింది కనక మన పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అనేవాళ్ళు.

ఇది వెతికి పట్టుకోవడం ఈ రోజుల్లో పది నిమిషాల పని. నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. ఈ మూడు పేర్లలో దేనికీ ఆ ఫోటో అడ్డం చెప్పలేదు. బెంగాల్ అంటే బెంగాల్‌లా, గుంటూరు అంటే గుంటూరులా ఒదిగిపోయింది. ఫోటో అబద్ధం చెప్పదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నా మట్టుకు నాకు, ఫోటో అసలు ఏమీ చెప్పదనిపిస్తుంది. చెప్పేదల్లా దాని కింద ఎవరో రాసిన రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలూ రాసే అధికారం ఎవరి చేతిలో ఉంది, వాళ్ళు ఎవరి పేరు రాశారు, ఎవరిది రాయలేదు అన్నది చూడకుండా ఫోటోగ్రఫీ చరిత్ర చెబితే అది కెమెరాల చరిత్ర అవుతుంది గానీ ఫోటోల చరిత్ర అవదు.

ముందు ఆ కరువు సంగతి. 1876లో వానలు మొహం చాటేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. (అనంతపురం అప్పటికి బళ్ళారిలోనే ఉంది, 1882లో గానీ వేరు జిల్లా కాలేదు.) 1877 జనవరి 1న ఢిల్లీలో లార్డ్ లిట్టన్ దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారతదేశానికి చక్రవర్తినిగా ప్రకటించాడు. ఆ నెలలోనే కరువు చూసి రమ్మని సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసు పంపారు. ఈయన 1874లో బీహారు కరువప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించి, దుబారా మనిషని పైవాళ్ళ చేత తిట్లు తిన్నాడు. ఈసారి ఆ మచ్చ తుడుచుకోవాలనుకున్నాడు. కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని తేల్చాడు. ఆ తిండితో పనిచేసే మనిషి నిలబడడని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించాడు. ఆ కరువులో దక్షిణ, పశ్చిమ జిల్లాల్లో కలిపి 50 లక్షలకు పైగా చచ్చిపోయారని చరిత్రకారుల అంచనా. మద్రాసు ఊళ్ళో బకింగ్‌హాం కాలవ ముక్క ఒకటి ఆ కరువు కూలీలు తవ్విందే. కాలవకి అప్పటి గవర్నరు పేరు ఉంది.

ఇక హూపర్ ఫోటోలు. ఆ రోజుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలక మీద మందు పూయాలి, అది ఆరిపోకముందే ఫోటో తీయాలి, వెంటనే పక్కనున్న చీకటి గుడారంలోకి పరిగెత్తి కడగాలి. పలక మీద వెలుతురు పడినన్ని సెకన్లూ ఎదుటి మనిషి కదలకూడదు. అంటే ఇవి దారిన పోతూ తీసిన ఫోటోలు కావు. మనుషుల్ని పిలిచి, కూర్చోబెట్టి, సర్ది తీసినవి. ఆ సర్దడంలోనే నాకు చిక్కంతా కనిపిస్తుంది. పిల్లలు ముందు, ఆడవాళ్ళు పక్కగా, నిలబడగలిగినవాళ్ళు వెనక. మన పెళ్ళి ఫోటోల్లో వరస ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. పక్కటెముకలు స్పష్టంగా పడాలి కాబట్టి ఒంటి మీద గుడ్డ ఉండదు, లేదా పక్కకి జరిపి ఉంటుంది. ఒక ఫోటోకి పెట్టిన పేరుని తెలుగులో చెప్పాలంటే 'ఉచిత సహాయానికి అర్హులు' అనాలి. ఇంకోదాని పేరు 'మందలో మిగిలినవి', అది పశువుల గురించి. మొదటి పేరు ఒకసారి నిదానంగా చదవండి. అది మనిషి పేరు కాదు, ఊరి పేరు కాదు. సహాయ శిబిరంలో గుమాస్తా రిజిస్టరులో వేసే వర్గం. ఫోటో తీసినవాడు గుమాస్తా కళ్ళజోడు పెట్టుకునే తీశాడు.

వీటి వల్ల మేలు జరగలేదని అనను. 1877లో లండన్ మేయరు తెరిచిన సహాయ నిధికి చందాలు వచ్చాయి. అక్కడి జనం ఈ కరువుని నమ్మడానికి బొమ్మలు పనికొచ్చాయి. అప్పటికి పత్రికల్లో ఫోటోని నేరుగా అచ్చువేసే ఏర్పాటు లేదు, చెక్క మీద చెక్కేవాళ్ళు ఫోటో చూసి గీతల్లోకి దించేవాళ్ళు. అలా దించేటప్పుడు కూడా పేర్లు ఎక్కే వీలు లేదు, అసలు రాసుంటే కదా!

ఆకలితో ఉన్నవాళ్ళని రప్పించి, ఫోటో తీసి, అన్నం పెట్టకుండా పంపేశాడని హూపర్‌ని అప్పట్లోనే ఎద్దేవా చేశారు. ఆ ఎద్దేవాని పక్కన పెట్టినా 1886లో మాండలేలో జరిగింది విచారణకెక్కిన సంగతి. బర్మా యుద్ధం తర్వాత బందిపోట్లని పేరు పెట్టిన ఖైదీల్ని గోడకి నిలబెట్టి కాల్చేటప్పుడు, తన కెమెరా సిద్ధమయ్యే దాకా కాల్పుల ఆజ్ఞ ఆపించాడని గొడవ అయింది. లండన్ పత్రికలకెక్కింది, పార్లమెంటులో ప్రశ్నలు వేశారు. చాలామంది విమర్శకులు ఈ రెండో సంగతిని క్రూరత్వంగానూ, మొదటిదాన్ని సేవగానూ విడదీసి రాస్తారు. నాకు విడదీయడం చేతకాదు. రెండుచోట్లా ఎదుటి మనిషి చేత కదలకుండా ఉంచగలిగే అధికారం ఉంది, ఆ మనిషి పేరు అడగవలసిన అవసరం లేదు.

హూపర్‌ని ఒక్కడినే దోషిని చేసి వదిలేస్తే లాభం లేదు. ఆ కాలపు పద్ధతే అది. 1868 నుంచి 1875 దాకా లండన్‌లో ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో 468 ఫోటోలున్నాయి. వాటిల్లో హూపర్ తీసినవి కూడా కొన్ని ఉన్నాయి. తిరగేస్తే ఎక్కువ చోట్ల కింద కనిపించేది కులం పేరు, తెగ పేరు, ఆ పైన వాళ్ళ గుణగణాల మీద ఒక తీర్పు. మనిషి తన కులానికి శాంపిల్ పీసు. అంతకు ముందు 1858 ప్రాంతంలో లినియస్ ట్రైప్ అనే మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరు మన అమరావతి స్తూపం శిల్పాల్ని మద్రాసు మ్యూజియంలో ఫోటోలు తీశాడు. చక్కని పని, 1859లో ఆ రాళ్ళలో చాలా భాగం ఓడెక్కి లండన్ వెళ్ళకముందు ఎలా ఉన్నాయో చూపేవి ఆ ఫోటోలే. వాటికి పెట్టిన పేరు మాత్రం 'ఎలియట్ మార్బుల్స్'. వాటిని తవ్వించిన దొర వాల్టర్ ఎలియట్. రెండువేల ఏళ్ళ కిందటి పల్నాటి రాయి సైతం ఫోటోలోకి వచ్చేసరికి దొరగారి ఇంటిపేరు తగిలించుకోవలసి వచ్చింది.

తెల్లవాడి కెమెరా కాబట్టి అంతేలే అని సరిపెట్టుకుందామా అంటే హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ ఉన్నాడు. మీరట్ దగ్గర సర్దానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, కెమెరా పట్టి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు అయ్యాడు. (ఇంజనీరింగు చదివి వేరే పనిలో పేరు తెచ్చుకోవడం మన తరంతో మొదలవలేదన్నమాట.) సికింద్రాబాదులో స్టూడియో. 1892లో పరదా చాటు స్త్రీల కోసం ఒక ఇంగ్లీషు ఆవిడ చేతుల మీద నడిచే జెనానా స్టూడియో. ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు. 1905లో పోయాడు. ఆయన గాజు పలకలు 2,800 పైచిలుకు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

దీన్ దయాళ్ పనితనం గురించి రెండో మాట లేదు. వెలుతురు మీద, భవనాల కొలతల మీద ఆయనకున్న పట్టు ఆ కాలంలో మరెవరికీ ఉందనుకోను. ఇద్దరు నవాబులు పక్కపక్కన నిలబడితే ఎవరు ఎవరికంటే అంగుళం ముందుండాలో కూడా ఆయనకి తెలుసు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్, భార్యతో కలిసి వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటకొచ్చాడు. కాళ్ళ ముందు చచ్చిన పులి, వెనక ఆ దంపతులు. ఆ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి రెండేళ్ళ ముందు, 1899-1900 కరువులో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు సహాయ శిబిరాల్ని కూడా ఆ స్టూడియోనే ఫోటోలు తీసింది. పులి ఫోటోలో ఎవరెవరో, ఏ ఊళ్ళో, ఏ నెలలోనో మనకి తెలుసు. శిబిరం ఫోటోల్లో గుంపు మాత్రమే ఉంది. స్టూడియో ఒకటే, చేయి తిరిగినతనం ఒకటే. నెక్కొండ అడవిలో పులిని తోలడానికి డప్పులు కొట్టినవాళ్ళ పేర్లు కూడా మనకి అందలేదు.

దీన్ దయాళ్ మన మనిషి, గొప్ప కళాకారుడు, నిజమే. ఆయన మీద వచ్చే వ్యాసాలన్నీ చార్‌మినార్, ఫలక్‌నుమా, నవాబుల షేర్వానీల దగ్గర ఆగిపోవడం నాకు నచ్చదు. ఒకనాటి హైదరాబాదు వైభవానికి సాక్ష్యంగా ఆయన్ని చూపిస్తారు. ఆయన ఫోటోలు సాక్ష్యమే. అయితే ఎవరు డబ్బిచ్చి తీయించుకున్నారో, ఎవరికి ఆల్బమ్ కట్టి బహూకరించారో దానికి కూడా అవి సాక్ష్యం.

వలస పాలన, రాచరికం, అక్కడ ఇంకేం ఆశిస్తాం, ప్రజాస్వామ్యంలో కెమెరా ప్రజల పక్షాన ఉంటుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. మనం వచ్చి స్థిరపడ్డ ఈ దేశంలోనే దానికి జవాబు వెతుక్కోవచ్చు. 1930ల మాంద్యంలో అమెరికా ప్రభుత్వమే ఫోటోగ్రాఫర్లకి జీతాలిచ్చి పల్లెల మీదికి పంపింది. ఆ శాఖని తర్వాత ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అన్నారు. రాయ్ స్ట్రైకర్ దానికి పెద్ద. ఆ ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా పైసా ఇవ్వకుండా చూసుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో ఈ దేశానికి దండం పెట్టాలి. తనకి నచ్చని నెగటివ్‌లకి స్ట్రైకర్ పంచ్‌తో కన్నం పొడిచేవాడు. ఆ కన్నాలు కూడా దాచకుండా పెట్టారు. పొలంలో పనిచేసే మనిషి మొహం మీద నల్లటి గుండ్రటి సున్నా. సంపాదకుడి చేతి అధికారం ఇంత స్పష్టంగా కనపడే చోటు నేను మరెక్కడా చూడలేదు.

అందులో అన్నిటికంటే పేరు మోసింది డొరోతియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో తీసిన 'మైగ్రంట్ మదర్'. చెయ్యి గడ్డం దగ్గర పెట్టుకుని దూరంగా చూస్తున్న తల్లి, మొహాలు తిప్పుకుని ఆమె భుజాల మీద వాలిన ఇద్దరు పిల్లలు, ఒళ్ళో పసిబిడ్డ. ప్రభుత్వం కార్డు మీద రాసిన వివరం: బఠాణీలు కోసే దిక్కులేని కూలీలు, ఏడుగురు పిల్లల తల్లి, వయసు 32. వయసుంది, పిల్లల లెక్కుంది, పేరు లేదు. ఆమె పేరూ చరిత్రా తను అడగలేదని లాంగ్ 1960లో స్వయంగా రాసింది. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారని కూడా రాసింది. అమ్మలేదని, ఆ కారు మీదే వెళ్ళిపోయారని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఫోటోలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో పడగానే ఆ శిబిరానికి 20,000 పౌన్ల తిండి వచ్చింది. అప్పటికి ఆ తల్లి అక్కడ లేదు. 1978లో గానీ ఆమె పేరు లోకానికి తెలియలేదు: ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చెరొకీ తెగ స్త్రీ, ఓక్లహామాలో పుట్టింది. అప్పటిదాకా చూసిన కోట్ల మందికి ఆమె దేశానికి అసలైన తెల్ల రైతు తల్లి. ఒక్క పేరు రాసి ఉంటే ఆ ఫోటో అర్థమే మారిపోయేది. ఈ నేలకి మొదటి హక్కుదారుల బిడ్డ ఇక్కడే వలస కూలీగా రోడ్డున పడింది అన్నది మరో కథ. దాన్ని 42 ఏళ్ళు ఎవరూ చదవలేదు. ఆ ఫోటో వల్ల తనకి పైసా రాలేదని ఆమె నిష్ఠూరపడింది. 1983లో ఆమె జబ్బు పడితే పిల్లలు చేసిన విన్నపానికి జనం డాలర్లు పంపారు. 1998లో ఆ ఫోటోతో తపాలా బిళ్ళ వేశారు.

గుడారపు గుంజ పట్టుకున్న ఒక బొటనవేలు ఫోటో మూలన పడితే లాంగ్ దాన్ని నెగటివ్‌లో చెరిపించింది. విమర్శకులు ఆ వేలి గురించి పేజీలు పేజీలు రాశారు. ఆర్థర్ రోత్‌స్టైన్ అదే ఏడాది డకోటాలో ఎద్దు పుర్రెని కొన్ని అడుగులు పక్కకి జరిపి ఫోటో తీశాడని ఎన్నికల ఏడాది పత్రికలన్నీ గోల చేశాయి. పుర్రె జరిపితే మోసం అన్నారు, వేలు చెరిపితే మోసం అన్నారు. పేరు అడగకపోతే మాత్రం అది శైలి అన్నారు. నాకు ఈ తూకం అర్థం కాదు.

అదే ఆఫీసులో వేరేగా చేసినవాడు ఒకడున్నాడు. 1942లో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి యువకుడు వాషింగ్టన్‌లో ఆ శాఖలో చేరాడు. ఊళ్ళో హోటళ్ళలో, దుకాణాల్లో అడుగు పెట్టనివ్వలేదని ఉడికిపోతుంటే, ఈ భవనంలోనే తుడిచే ఆవిడతో మాట్లాడు అన్నాడు స్ట్రైకర్. (మనిషికి మంచి చెడ్డలు రెండూ ఉంటాయి.) ఆవిడ ఎల్లా వాట్సన్. జెండా ముందు చీపురుతో, మాపుతో నిలబెట్టి తీసిన ఫోటో ప్రసిద్ధి. పార్క్స్ దానితో ఆగలేదు. ఆ వేసవిలో ఆమె ఇంటికి వెళ్ళాడు, చర్చికి వెళ్ళాడు, మనవల్ని తీశాడు. ఆ ఫోటోల కింద మిసెస్ ఎల్లా వాట్సన్ అని ఉంటుంది. మిసెస్ అనడం కూడా గమనించండి. ఆ రోజుల్లో నల్ల ఆడమనిషిని ఆ మాటతో పిలిచిన తెల్లవాళ్ళు తక్కువ. జెండా ముందు ఫోటో కూడా కుట్రగా సర్దిన ఫోటోనే, హూపర్ సర్దినట్టే. అయినా దాన్ని చూసి బెంగాల్ అనో గుంటూరు అనో అనలేం. ఆమె ఎవరో, ఏ వీధిలో ఉందో, ఎవర్ని పెంచిందో మనకి తెలుసు. సర్దడం వల్ల ఆ ఫోటో అబద్ధం కాలేదు.

సూజన్ సొంటాగ్ 2003లో రాసిన పుస్తకంలో సాల్గాడో ఫోటోల గురించి మాట్లాడుతూ ఈ పేర్ల మాట ఎత్తింది. బలహీనుల పేర్లు రాయకపోవడం ప్రముఖుల పూజకి తోడుపోవడమే అంది. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను, అయితే భారమంతా ఫోటోగ్రాఫరు నెత్తిన వేయడం సరికాదనుకుంటాను. పేర్లు పోయేది కెమెరా దగ్గర ఒక్కచోటే కాదు. కార్డు టైపు చేసేచోట పోతాయి, పత్రికలో జాగా చాలని చోట పోతాయి, కంప్యూటర్లోకి ఎక్కించేచోట పోతాయి. చివరిది నా వృత్తి కాబట్టి తెలుసు. పాతికేళ్ళుగా డేటాబేసులు కడుతున్నాను. ఏ కాలమ్ తప్పనిసరి, ఏది ఖాళీగా వదలొచ్చు అని మొదటి రోజే ఒకడు కూర్చుని తేలుస్తాడు. తర్వాత ఎవరూ దాని మొహం చూడరు. ఇవాళ లేని మనిషి మొహాన్ని కంప్యూటరు క్షణంలో తయారుచేస్తోంది కాబట్టి, అసలు ఫోటోకి ముద్ర వేసే ప్రమాణాలు వస్తున్నాయి. 2021 నుంచి అడోబీ, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు కలిసి చేస్తున్నది అదే: ఏ కెమెరాతో తీశారు, తర్వాత ఏమేం దిద్దారు అన్నది ఫోటోతో పాటే సంతకం లాగా ఉంటుంది. అవసరమైన పనే. అయితే ఆ ముద్ర హూపర్ ఫోటోకి వేసినా సరిగ్గా పడుతుంది. కెమెరా నిజమైనదే, దిద్దుబాటు లేదు. అందులో ఉన్నది ఎవరు అన్న గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది.

మన సంగతి చూస్తే, అమెరికా వచ్చిన మనలో ప్రతివాడికీ పేరుతో సహా పక్కాగా భద్రమైన ఫోటో ఒకటుంది: వీసా కోసం దిగిన రెండంగుళాల చదరం, చెవులు కనపడాలి, నవ్వకూడదు. ప్రభుత్వానికి అవసరమైతే పేరు ఎలా అంటుకుంటుందో చూడండి. ఇళ్ళల్లో పాత ఫోటోల సంగతి వేరు. ఇండియా వెళ్ళినప్పుడల్లా అమ్మా నాన్నల బీరువాల్లోంచి తెచ్చి స్కాన్ చేస్తున్నాం, మంచిదే. చాలామంది ముందు వైపు స్కాన్ చేసి అట్ట పారేస్తున్నారు. ఆ అట్ట మీద ఉండేది స్టూడియో ముద్ర, ఒక్కోసారి పెన్సిల్‌తో తేదీ.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 'మైగ్రంట్ మదర్' పాత కార్డులోని మాటల్ని అలాగే ఉంచి, కింద గమనికల్లో ఫ్లోరెన్స్ థాంప్సన్ పేరు చేర్చింది. పాతదాన్ని చెరపలేదు, కొత్తదాన్ని దాచలేదు. ఆ పద్ధతే నేను ఇంట్లో పాటిస్తున్నాను. మా తాతగారి ఇంటి ముందు 1950ల్లో తీసిన గ్రూప్ ఫోటో ఒకటుంది. మొత్తం పదకొండు మంది. కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళు అయిదుగురి పేర్లు, ఉద్యోగాలతో సహా, మా పెద్దత్తయ్య ఫోనులో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఇద్దర్ని గుర్తుపట్టింది, ఒకావిడని 'ఫలానా ఆయన రెండో భార్య' అంది, పేరు రాలేదు. కింద కూర్చున్న పిల్లల్లో ఇద్దరు ఎవరో తేలారు. కుడి చివర, సగం ఫ్రేములో, చంకలో ఎవరి బిడ్డనో ఎత్తుకుని నిలబడ్డ అమ్మాయి పనిమనిషి అయుంటుందంది. ఆ వరసలో పేరు దగ్గర 'తెలియదు' అని, పక్కన అత్తయ్య అన్న మాట, అడిగిన తేదీ రాసి పెట్టాను. ఆ ఊళ్ళో అడగవలసిన వాళ్ళు ఇంకా ఇద్దరు మిగిలి ఉన్నారు.